నాన్నగారుండగానే మీసం తీసిన రోజు

మొన్న నా పుట్టినరోజుకి మా అమ్మాయి ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. నల్లటి చెక్కపెట్టె, లోపల ఎర్ర ముఖమల్ గుడ్డ, ఆ గుడ్డ మీద పెళ్ళికూతురిలా ముస్తాబై పడుకున్న మంగలికత్తి. పక్కన ఒక బ్రష్షు, సబ్బు గిన్నె, చిన్న పుస్తకం. "ఇప్పుడు ఇదే ట్రెండ్ నాన్నా, మా ఆఫీసులో అబ్బాయిలందరూ దీంతోనే గీసుకోవడం నేర్చుకుంటున్నారు" అంది. పుస్తకం తిరగేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఓర్పు ముఖ్యమట. ముందు చెంపలతో మొదలుపెట్టాలట. చేతికి అలవాటయ్యేదాకా మెడ జోలికి పోకూడదట. అట్ట నుంచి అట్టదాకా చదివాను, బూడిద గుమ్మడికాయ ప్రస్తావన ఎక్కడా లేదు. పైపెదవి మీదికి కత్తి తీసుకెళ్ళే ముందు కన్నతండ్రి బతికున్నాడో లేదో ఒకసారి చూసుకోమని కూడా రాయలేదు. అంత ముఖ్యమైన విషయాలు రెండూ వదిలేసి పుస్తకం అచ్చు వేశారంటే, ఆ రాసినాయన మా తాతయ్య దగ్గర నేర్చుకోలేదన్నమాట.

నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అప్పుడు మేం కడియం దగ్గర ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నగారు అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను రోజూ బస్సులో రాజమండ్రి వెళ్ళి డిగ్రీ చదువుతూ, చదువుకన్నా శ్రద్ధగా మీసం పెంచుతున్న రోజులు. ఆ ఏడు సంక్రాంతి సెలవులయ్యాక నాన్నగారికి క్లాసులో పాఠం చెబుతుండగానే గుండెల్లో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్ళాం. అక్కడ కొన్నాళ్ళు ఉంచుకుని, మందులు రాసి, ఉప్పు తగ్గించమని, మెట్లెక్కొద్దని, ముఖ్యంగా ఆందోళన పడొద్దని చెప్పి పంపించారు. నాన్నగారు బుద్ధిగా ఆందోళన పడటం మానేశారు. ఆయన వాటా కూడా కలుపుకుని మా అమ్మ పడటం మొదలుపెట్టింది. మంచం పక్కన పీట వేసుకుని, ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చునేది. కాస్త అనుమానం వస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. అప్పటికీ నమ్మకం కుదరకపోతే "ఏవండీ" అని లేపేసేది. ఆయన ఉలిక్కిపడి "ఏంటి?" అంటే "ఏం లేదు, మీరు పడుకోండి" అనేది. ఈ సేవ వల్ల ఇద్దరికీ నిద్ర లేదు. నాన్నగారు పగలు ఎలాగో కునుకు తీసి లోటు తీర్చుకునేవారు, మా అమ్మకి అదీ లేదు. కళ్ళ కింద నల్లగా అయిపోయి, ఎవరు పలకరించినా అన్నవరం మొక్కు సంగతే మాట్లాడేది.

ఇంటికి మగదిక్కుగా ఉంటానని కోనసీమ నుంచి మా అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య వచ్చాడు. వస్తూ ఒక రేకు పెట్టె, తన కాఫీ గ్లాసు, తన కత్తి తెచ్చుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో మిగతా మగవాళ్ళందరికీ మంగలి ఇంటికొచ్చి గడ్డం గీసి వెళ్ళేవాడు గాని, మా తాతయ్య మాత్రం తన మొహం ఇంకొకరి చేతికివ్వడానికి ఒప్పుకునేవాడు కాదు. వయసులో ఉండగా కాకినాడ రేవులో ఒక ఓడ సరంగు దగ్గర కొన్నానని చెప్పుకునే ఆ కత్తికి నల్లటి కొమ్ము పిడి ఉండేది. పొద్దున్నే దొడ్డివైపు వసారాలో కిటికీ ఊచకి తోలుపట్టీ తగిలించి, దాని మీద కత్తిని అటొకసారి ఇటొకసారి సర్రు సర్రున లాగుతుంటే, ఆ చప్పుడుకే మా ఇంట్లో తెల్లవారేది. తర్వాత చెంబుతో వేణ్ణీళ్ళు, గిన్నెలో చందనం సబ్బు నురగ, పక్కన పటిక బిళ్ళ. కాగు కింద పొగ, కాఫీ డికాక్షను, చందనం సబ్బు, ఈ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా చెయ్యి దానంతటదే గడ్డం మీదికి పోతుంది. ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. అద్దం అవసరమే లేదు. తూర్పుకి తిరిగి కూర్చుని, ఎడమచేత్తో చర్మం లాగిపట్టి, వేళ్ళతో తడుముకుంటూ గీసుకుపోయేవాడు. మంగళవారం, శుక్రవారం మాత్రం కత్తి పెట్టెలోంచి తీసేవాడు కాదు. శాస్త్రం విషయంలో అంత పట్టింపు మనిషి. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఒకరోజు నేను బ్లేడు మిషన్‌తో గీసుకుంటుంటే పక్కన నిలబడి కాసేపు విన్నాడు. చూడలేదు, విన్నాడు. "ఒరేయ్ అబ్బులూ, ఇది గడ్డం గీసుకోవడం కాదురా, కొబ్బరి కోరుకోవడం" అన్నాడు. "మగాడన్నాక కత్తి పట్టాలి. రేపట్నుంచి నా దగ్గర కూర్చో." నాకు లోపల భయంగానే ఉంది గాని, కాలేజీలో చెప్పుకోవడానికి బాగుంటుందనిపించింది. తీరా కూర్చుంటే మొహం మీద కత్తి పెట్టనివ్వడే. మా అమ్మ వడియాలకని తెప్పించిన బూడిద గుమ్మడికాయలు వసారాలో వరసగా పెట్టి ఉన్నాయి. గుమ్మడికాయని ఆడవాళ్ళు మొదట కొట్టకూడదు, మగవాళ్ళే కొట్టివ్వాలి కాబట్టి అవి ఎలాగూ నా చేతిలోకి రావలసినవే. తాతయ్య అందులో ఒకటి నా ఒళ్ళో పెట్టి, దానికి నిండా నురగ పట్టించి, "ఊఁ, దీనికి గియ్యి" అన్నాడు. కాయ మీద నూగు, బూడిద పోవాలి, తొక్క మీద గీత పడకూడదు. మొదటి కాయని నేను క్షవరం చెయ్యలేదు, తరిగాను. రెండోది కాస్త నయం. ఒక్కో కాయ నున్నగా పచ్చగా తేలుతుంటే తాతయ్య దాని బుగ్గలు నిమిరి చూసి, "ఇక్కడ నాలుగు వెంట్రుకలున్నాయిరా" అని మళ్ళీ నా ఒళ్ళోకి తోసేవాడు.

కడిగే పెట్టాం గాని, వేడినీళ్ళ సబ్బు తొక్కకి బాగానే పట్టింది. గుమ్మడి వడియాలకి తొక్క తియ్యరు కదా. వడియాలు ఎండాక మొదటి వాయి వేయించి మా అమ్మ అన్నంలోకి వడ్డించింది. నాన్నగారు ఒకటి కొరికి, నములుతూ ఆలోచనలో పడ్డారు. "ఈ చందనం వాసనేంటి?" అని మా అమ్మ ఇంకా ఎవర్నీ అడగకముందే, గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనూ తాతయ్యా ఒకేసారి "మేం బాగానే కడిగాం" అన్నాం. మామూలు రోజుల్లో అయితే మా అమ్మ ఆ పూట ఇల్లు పీకి పందిరేసేది. ఆ రోజు గొంతు పెంచకుండా, ఉప్పు తక్కువ వేసిన వడియాలు పాడైపోయాయి, ఆయనకి మళ్ళీ పెట్టాలి అని మాత్రం అంది. అలా మెల్లిగా మాట్లాడటం చూస్తే నాకు తిట్లు తిన్నదానికన్నా ఎక్కువ బాధేసింది.

గుమ్మడికాయలు అయిపోయాయి కాబట్టి నా మొహం వంతు వచ్చింది. ఒక బుధవారం పొద్దున్న, వారం మంచిదేనని చూసుకుని, తాతయ్య నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. చెంపలు రెండూ బాగానే వచ్చాయి. గడ్డం కింద ఒక గాటు పడింది, పటిక రాశాడు. అక్కడితో లేచిపోయి ఉంటే నేనిప్పుడు ఈ కథ రాసేవాణ్ణి కాదు. మీసం కింద అంచు ఒకటి సరిచేద్దామనిపించింది. ఎడమవైపు కాస్త ఎక్కువ పోయింది. "తాతయ్యా, సమంగా ఉందా?" అని అడిగాను. శుక్లాల కళ్ళతో ఆయన నా మొహాన్ని దగ్గరగా, దూరంగా, పక్కగా చూసి "కుడివైపు ఇంకాస్త తియ్యాలిరా" అన్నాడు. తీశాను. "ఇప్పుడు ఎడమవైపు బరువుగా ఉంది." తీశాను. ఇద్దరం పట్టుదల మనుషులం కావడం వల్ల, ఆ సమానత్వం కోసం అటూ ఇటూ పోగా పోగా ముక్కు కింద గోరంత నలుపు మిగిలింది. తాతయ్య వేలితో తడిమి, "మూతి మీద ఈగ వాలినట్టుందిరా. అదీ తీసెయ్, మళ్ళీ ఒత్తుగా వస్తుంది" అన్నాడు. తీసేశాను. ఆయన నా పైపెదవి మీద బొటనవేలు పెట్టి నిమిరి, "ఆహా, గుమ్మడికాయ" అని మెచ్చుకుని, అంతలోనే ఆ వేలు అక్కడే ఆపేశాడు. "ఒరేయ్ అబ్బులూ" అన్నాడు నీరసంగా. "మీ నాన్న ఉన్నాడు కదరా."

తండ్రి ఉండగా కొడుకు మీసం తియ్యడు. తండ్రి పోతేనే తీస్తాడు. మా ఊళ్ళో చంటిపిల్లాణ్ణి అడిగినా చెప్పే విషయం అది. మంగళవారం కత్తి ముట్టని తాతయ్యకి, మీసం పెంచడమే వ్రతంగా పెట్టుకున్న నాకు, ఇద్దరికీ ఆ పూట అది గుర్తు రాలేదంటే ఏం చెప్పను. పైగా గాటు మళ్ళీ కారడం మొదలెట్టింది, పటిక అరిగిపోయింది. "మీ అమ్మ చూడకముందే కొట్టుకెళ్ళి పటిక పట్రా, ఈలోగా నేనేదో ఆలోచిస్తాను" అని తాతయ్య నన్ను దొడ్డిదారిన పంపాడు. నురగ కడుక్కోవడానికి నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించుకున్న తడి జుట్టు, భుజం మీద తెల్ల తువ్వాలు, కాళ్ళకి చెప్పుల్లేవు, మూతి మీద మీసం లేదు. నాన్నగారు ఆసుపత్రి నుంచి వచ్చి ఇంకా నెల కూడా కాలేదు. ఆ వేషంలో ఊరి నడిబొడ్డున నడిచి వెళ్ళాను.

కొట్టు దగ్గర బడికి పోతున్న సైన్సు మాస్టారు మోపెడ్ ఆపారు. మా గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ, అలాంటి విషయాలు నోరు తెరిచి అడగరు. ఆయన బండి దిగి, నా మొహం చూసి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీసం పోయినందుకు ఇంతలా బాధపడే మనిషా అని నా మనసు కరిగిపోయింది. "ఏం పర్లేదండి, మళ్ళీ వస్తుంది లెండి" అని నేనే ఓదార్చాను. ఆయన నావంక జాలిగా చూసి, "ధైర్యంగా ఉండండి బాబూ. అమ్మగారిని జాగ్రత్తగా చూసుకోండి" అని బండెక్కి వెళ్ళిపోయారు. కొట్టాయన పటికకి డబ్బులు పుచ్చుకోలేదు. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

వెలిగేసరికి బళ్ళో పిల్లల్ని వరసల్లో నిలబెట్టి మౌనం పాటించి సెలవిచ్చేశారు. లెక్కల మాస్టారికోసం వచ్చిన సెలవు కాబట్టి పిల్లలు మొహాలు విచారంగా పెట్టుకుని గేటు దాకా నడిచి, గేటు దాటాక పరుగందుకున్నారట. ఆ పరుగులో మా వీధిలోకి వచ్చిన మొదటి గుంపుకి, అరుగు మీద పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న నాన్నగారు కనిపించారు. పిల్లలు గోడకి అతుక్కుపోయారు. నాన్నగారు కళ్ళజోడు పైనుంచి చూసి "ఇవాళ బడి లేదేంట్రా?" అన్నారు. ఒకడు ధైర్యం చేసి, "మీ కోసమేనండి" అన్నాడు. వెనకాలే హెడ్మాస్టారు, సైన్సు మాస్టారు, ఇంకో ముగ్గురు మాస్టర్లు బంతిపూల దండతో వచ్చారు. ఎదురుగా నాన్నగారిని చూసి నిలువునా నీరుగారిపోయారు. దండ దాచడానికి వీల్లేనంత పెద్దది. హెడ్మాస్టారు గొప్ప సమయస్ఫూర్తి గల మనిషి. గొంతు సవరించుకుని, "తమరు ఆసుపత్రి నుంచి క్షేమంగా తిరిగొచ్చిన సందర్భంగా చిన్న సన్మానం అనుకున్నామండి" అని దండ నాన్నగారి మెడలో వేసేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్నగారు లేచి నిలబడి, అందరికీ నమస్కారం పెట్టి, ఎక్కాలు మర్చిపోవద్దని పిల్లలకి రెండు మాటలు కూడా చెప్పారు.

ఆ చప్పట్లకి మా అమ్మ బయటికొచ్చింది. మొగుడి మెడలో బంతిపూల దండ చూసింది. అంతసేపూ దొడ్లో దాక్కుని, ఆ సందడికి బయటికొచ్చి మెట్ల దగ్గర పటిక పట్టుకుని నిలబడ్డ నా మూతి చూసింది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. నన్ను కొట్టినా బాగుండేది, గట్టిగా ఏడ్చినా బాగుండేది. మంగళసూత్రాలు పైకి తీసి కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళిపోయి, దేవుడి గూటి ముందు గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. తాతయ్య గుమ్మంలో నిలబడి "అమ్మా, తప్పు నాదే" అంటే వినిపించుకోలేదు. "అపశకునం జరిగిపోయింది నాన్నా. నేనింక ఏం చేసినా ఆయన్ని ఆపలేను" అంది అంతే. ఆ మాట అరుగు మీదకి వినిపించింది. అప్పటిదాకా ఇదంతా తమాషాగా చూస్తున్న నాన్నగారి మొహం మారిపోయింది.

మాస్టర్లు వెళ్ళిపోయాక ఆయన మెడలో దండతోనే వసారాలోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. "మావయ్యగారూ, ఆ కత్తి ఇలా ఇప్పించండి."

"ఎందుకండి అల్లుడుగారూ?" అన్నాడు తాతయ్య కంగారుగా.

"నా మీసం కూడా తీసేస్తాను. మా నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి నన్నెవరూ అడగరు. వాడిది ఒక మైనస్, నాది ఇంకో మైనస్. గుణిస్తే ప్లస్సు. మీ అమ్మాయి ధైర్యం చెబితే వినదు, లెక్క చూపిస్తే వింటుందేమో."

"అది కాదండి, శాస్త్రం..."

"శాస్త్రం సంగతి మీరిద్దరూ పొద్దున్నే చూసేశారు కదండీ" అని, నా వైపు తిరిగారు. "నువ్వే తియ్యరా. ఊళ్ళో ఈ పనిలో అనుభవమున్నవాడివి ఇవాళ నువ్వొక్కడివే."

నాన్నగారి మీసం మామూలు మీసం కాదు. రెండు చివర్లూ కిందికి దిగి, బళ్ళో మూడు తరగతుల్ని ఒకేసారి అదుపులో పెట్టే మీసం. దాని మీద నురగ పెట్టి, కత్తి పెదవి దాకా తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తీశాను. గుండెజబ్బు మనిషి, చేతిలో కత్తి, పొద్దున్నుంచి నేను చేసిన నిర్వాకం, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆయన కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తి, "గుమ్మడికాయ అనుకోరా" అన్నారు. నవ్వొచ్చింది, చెయ్యి నిలబడింది. తాతయ్య పక్కనుంచి ఏదో సలహా చెప్పబోతే ఇద్దరం ఒకేసారి వద్దన్నాం. ఒక్క గాటు లేకుండా తీశాను. నా జీవితంలో నేను బాగా చేసిన పనుల జాబితా ఎవరైనా అడిగితే ఇప్పటికీ మొదట అదే చెబుతాను.

తువ్వాలుతో తుడిచాక ఆ మొహం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. తాతయ్యకి కనపడలేదు కాబట్టి ఆయన నిబ్బరంగానే ఉన్నాడు. నాన్నగారు లేచి లోపలికి వెళ్ళి, మా అమ్మ ఎదుట నిలబడి, "ఏమోయ్" అన్నారు. మా అమ్మ తలెత్తింది. తటాలున లేచి నిలబడి, కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుని, తల దించుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె నాన్నగారి పైపెదవి చూడలేదు; నాన్నగారి తండ్రి ఆ పెళ్ళికి ముందే పోయారు, నాయనమ్మ కర్మ మా చిన్నాన్న చేశాడు. మీసం తీసేసరికి ఆయన అచ్చం మా నాయనమ్మలా ఉన్నారు. పోయి నాలుగేళ్ళయినా మా అమ్మకి కలలోకొచ్చి పులుసులో ఉప్పు చాల్లేదని చెప్పే అత్తగారు. ఆవిడే బంతిపూల దండ వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చేస్తుంది పాపం. ఒక్క క్షణం తర్వాత అర్థమై, "మా అత్తగారనుకున్నానండీ" అని మొదలుపెట్టిన నవ్వు ఇంక ఆగలేదు. నవ్వుతూ గోడ పట్టుకుంది, నవ్వుతూ కూలబడింది, నవ్వుతూనే ఏడ్చింది. నాన్నగారు సందు దొరికిందని నాయనమ్మ గొంతుతో "కోడలా, కాఫీ ఏదీ?" అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో అంత చప్పుడు అదే మొదటిసారి.

ఇప్పుడు రాజమండ్రిలో ఎటు చూసినా మీసం లేని కుర్రాళ్ళే. తండ్రులు నిక్షేపంగా పక్కనే స్కూటర్ మీద కూర్చుని ఉంటారు. ఎవరూ బండి ఆపరు, ఎవరి కళ్ళలోనూ నీళ్ళు తిరగవు. ఒక రకంగా మంచిదే, మా అమ్మ పడ్డ భయం ఏ తల్లికీ వద్దు. కానీ ఒక మూతి చూసి ఊరు ఊరంతా ఒకింటి సంగతి తెలుసుకుని, బడి మూసి, దండ పట్టుకుని పరిగెత్తుకొచ్చే రోజులు పోయాయి. మొన్న మా అపార్టుమెంటులో కింద అంతస్తు ఆయన నిజంగానే పోతే, మూడో రోజు లిఫ్టు దగ్గర వాళ్ళబ్బాయి గుండు చూసి కొత్త హెయిర్ స్టైల్ అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు కబురైతేనేం, ఆ సైన్సు మాస్టారిలా చేతులు పట్టుకునేవాళ్ళుండటమే నయమని ఇప్పుడనిపిస్తుంది.

ఆ సైన్సు మాస్టారు అక్కడితో ఆగలేదు. బడికెళ్ళేలోపే ఎస్టీడీ బూత్ దగ్గర ఆగి, తునిలో ఉన్న మా పెద్దత్తయ్యకి, అంటే నాన్నగారి అక్కకి, కబురు చేసేశారు. తర్వాత ఆ ముక్క చెప్పడానికి మొహం చెల్లక ఊరుకున్నారు. మాకెవరికీ తెలీదు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నవ్వి నవ్వి అలిసిపోయిందో ఏమో, మా అమ్మ హాల్లో చాప మీద ఇలా నడుం వాల్చి అలా నిద్రపోయింది. నోరు కాస్త తెరుచుకుని, గురక కూడా పెట్టింది. నాన్నగారు ఆమె పక్కన పీట వేసుకుని, తాటాకు విసనకర్రతో విసురుతూ కూర్చున్నారు. ఈగ ఏదైనా వాలబోతే దాన్ని తోలి, మళ్ళీ విసిరేవారు. ఊపిరి చూడ్డం ఇప్పుడు ఆయన వంతు వచ్చింది.

ఇంతలో వీధిలో రిక్షా ఆగింది. "తమ్ముడూ, నన్ను వదిలి వెళ్ళిపోయావా" అని ఊరు దద్దరిల్లేలా శోకం పెడుతూ, జుట్టు విరబోసుకుని పెద్దత్తయ్య గేటు తోసుకొచ్చింది. నేను అడ్డం పడేలోపే తలుపు తెరుచుకుంది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అచ్చం వాళ్ళమ్మ మొహంతో, చేతిలో విసనకర్రతో, పెదవుల మీద వేలు పెట్టుకుని.

"నెమ్మదిగా అక్కా" అన్నారు నాన్నగారు రహస్యంగా. "మీ మరదలు పడుకుంది. చాలా రోజులకి పడుకుంది."

అత్తయ్య శోకం గొంతులోనే ఆగిపోయింది. ఆయన బుగ్గ ఒకసారి తడిమి చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది. రావలసిన ఏడుపంతా కొంగు నోట్లో కుక్కుకుని, చెప్పులు బయటే వదిలి, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికొచ్చి మా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. కాసేపటికి తమ్ముడి చేతిలో విసనకర్ర తీసుకుని తను విసరడం మొదలుపెట్టింది. దీపాలు పెట్టే వేళ దాకా మా అమ్మ లేవలేదు. మేమెవరం లేపలేదు.